జట్కాకు ఆటో వేషం

ఆ సోమవారం గుంతకల్లు వైపు నుంచి వచ్చే పొద్దుటి రైలు ఆలస్యం లేకుండా వచ్చింది. ఆదోని స్టేషను బయట వరసలో ముందున్న జట్కా కరీం సాబ్‌ది. జట్కాల వాళ్ళకు వరస అంటే వరసే. ముందున్నవాడి బండి నిండేదాకా వెనకవాడు నోరెత్తడు. అది ఎవరో పెట్టిన చట్టం కాదు గానీ, దాన్ని దాటినవాడికి ఆ సాయంత్రం టీ అంగట్లో పక్కన జరిగి చోటిచ్చే మనిషి దొరకడు. ఊళ్ళోకి ఆటోలొచ్చాక కూడా కరీం సాబ్ ఆ వరసలోనే నిలబడుతున్నాడు. ఆటోలకు మాత్రం వరసా లేదు, పాడూ లేదు. రైలు కూత వినపడితే చాలు, మెట్ల దాకా దూసుకుపోయి దిగేవాళ్ళ కాళ్ళకు అడ్డం పడతాయి.

దిగింది తెలిసిన కుటుంబమే. పత్తి మిల్లు గుమాస్తా మద్దయ్య, ఆయన భార్య, ఆరేళ్ళ కూతురు. మద్దయ్య కొత్త పెళ్ళికూతురిని తెచ్చుకున్న రోజు స్టేషను నుంచి ఇంటికి చేర్చింది ఈ జట్కానే. ఆ కూతుర్ని ఆసుపత్రి నుంచి తెచ్చిందీ ఇదే. అందుకే కరీం సాబ్ ఒక మాటైనా అడక్కుండా వాళ్ళ ట్రంకుపెట్టె ఎత్తి బండిలో పెట్టాడు.

"నాకు ఆటో కావల్ల," అంది పిల్ల.

మద్దయ్య గదమాయించాడు. పిల్ల పెదవి విరిచింది. భార్య ఆటో వైపు ఒకసారి చూసి ఏమీ అనకుండా ఊరుకుంది. ఆమె ఊరుకోవడంలో ఏముందో మద్దయ్యకు అర్థమైంది.

"ఏమనుకోవద్దు సాబూ. పిల్ల ఏడుస్తాది. ఈ ఒక్క తూరికి..."

"పోనీలే అప్పా, పసిపిల్ల," అన్నాడు కరీం సాబ్.

తాను ఎక్కించిన పెట్టెను తానే దించాడు. తానే మోసుకుపోయి ఆటో సీటు వెనక సర్దాడు. ఆటో నడిపే గోవిందు మొహమాటపడి చెయ్యి వేయబోతే వద్దన్నాడు. ఆటో పొగ వదిలి వెళ్ళిపోయింది. పిల్ల వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది, పాపం, దానికేం తెలుసు. కోపమొస్తే అరవచ్చు, దుఃఖమొస్తే ఏడవచ్చు. కరీం సాబ్‌కు రెండూ రాలేదు. ఉత్త సిగ్గేసింది. తప్పేదో తనే చేసినట్టు బుల్బుల్ మెడ మీద చెయ్యేసి నిలబడ్డాడు.

బుల్బుల్ ఆయన గుర్రం. గోధుమరంగు ఆడగుర్రం. ఒక చెవి ఎప్పుడూ ఆయన గొంతు వైపే తిప్పి పెట్టుకుంటుంది. ఆయన దగ్గితే కూడా అడుగు తగ్గిస్తుంది. అట్లాంటిది ఇంకెన్నాళ్ళు ఇంట్లో ఉంటుందో తెలియని పరిస్థితి వచ్చింది. బండి సంపాదన దాని గడ్డికే చాలడం లేదు. ఎమ్మిగనూరులో పెళ్ళి ఊరేగింపులకు బ్యాండూ లైట్లూ గుర్రమూ బాడుగకిచ్చే బావమరిది అమానుల్లా పోయిన వారం వచ్చి, "ఇంకా దేనికి దుల్హాభాయ్ దీన్ని పట్టుకొని ఏలాడతావు? నాకియ్యి. నా దగ్గర నవాబు మాదిరి బతుకుతాది," అన్నాడు. కరీం సాబ్ ఆలోచించి సరేనన్నాడు. వచ్చే శుక్రవారంలోగా బండి మళ్ళీ దారిలో పడితే సరి, లేకుంటే నమాజు తర్వాత తోలుకుపొమ్మన్నాడు. గుర్రాన్ని మాడబెట్టి తన దగ్గరే ఉంచుకోవడం ప్రేమ కాదని ఆయనకు తెలుసు. తెలిసినందువల్ల బాధేమీ తగ్గలేదు.

ఖాళీ బండిని నడిపించుకుంటూ ఇంటిదారి పట్టాడు. విచిత్రం ఏమిటంటే ఆయనకు ఆటో మీద కోపం లేదు. ఆ పిల్లకు దాంట్లో నచ్చిందేమిటా అని ఆలోచించాడు. పసుప్పచ్చ టాపు. మెరిసే సీటు. హారను. ముందర గుడ్డులాంటి లైటు. లోపల ఇంజనుందో ఇంకేముందో పిల్ల వంగి చూసిందా? చూడలేదు గదా. జనానికి కావలసింది మొహమే అయితే, మొహం మార్చడం ఎంతసేపు? ఆ ఆలోచన వచ్చాక ఆయన ఇంటికి పోలేదు. బండిని సిరుగుప్ప రోడ్డు వైపు తిప్పాడు.

*

సిరుగుప్ప రోడ్డులో మారెప్పకు ఒక రేకుల షెడ్డు ఉంది. లారీలకు రంగులేస్తాడు, సీట్లు కుడతాడు. కరీం సాబ్ వెళ్ళేసరికి దబ్బనం పళ్ళ మధ్య పట్టుకుని, మోకాలితో రెగ్జిను అదిమి కుడుతున్నాడు.

"ఏం సాబూ, ఈ పక్క వచ్చినావు?"

"నా జట్కాను ఆటో చెయ్యల్ల మారెప్పా."

మారెప్ప నోట్లోంచి దబ్బనం తీశాడు. కరీం సాబ్‌ను చూశాడు, బయట నిలబడ్డ బుల్బుల్‌ను చూశాడు.

"గుర్రాన్ని ఏం జేస్తావు?"

"గుర్రం ఉంటాది."

"గుర్రముంటే ఆటో ఎట్లయితాదప్పా?"

"సూసేటోళ్ళకు అయితాది."

మారెప్ప కాసేపు నవ్వాలా వద్దా అన్నట్టు ఉన్నాడు. కరీం సాబ్ మొహంలో పరాచికం ఎక్కడా కనపడకపోయేసరికి లేచి, జట్కా చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. పనివాడికి పని చూస్తే చెయ్యి ఊరుకోదు. "నల్లరంగు ఉండాది. పసుప్పచ్చ రెగ్జిను ఒక తాను మిగిలుండాది, టాపుకు సరిపోతాది," అని తనలో తానే అనుకోవడం మొదలుపెట్టాడు. కూలి సంగతి కరీం సాబ్ ఎత్తబోతే, "బండి నడవనీ ముందు," అని కొట్టేశాడు.

ఆ రోజూ మర్నాడూ ఇద్దరికీ అదే పని. ముందు బండిలోపల పరిచిన గడ్డి, దాని మీది చాప, దుప్పటి తీసేశారు. ఆ గడ్డిని బుల్బుల్ అక్కడే నిలబడి నమిలేసింది. ముందూ వెనకా కట్టిన పరదా విప్పేశారు. ఒంటికి గరుకు కాగితంతో రుద్ది నల్లరంగు కొట్టారు. గూడు మీద పసుప్పచ్చ రెగ్జిను బిగలాగి, అంచులు మడిచి, ఇత్తడి మేకులు వరసగా కొట్టారు. లోపల అడ్డంగా పలక వేసి, దాని మీద కొబ్బరిపీచు దట్టించి, ఎర్ర రెగ్జినుతో మెత్తటి సీటు కుట్టాడు మారెప్ప. పాత ఇనుప సామాన్ల అంగట్లో ఒక హెడ్‌లైటు దొరికింది. అది వెలగదు గానీ ఎండ పడితే మెరుస్తుంది. రెండు పక్కలా అద్దాలు, నొక్కితే మొత్తుకునే రబ్బరు హారను బిగించారు. గోవిందు విషయం తెలిసి వచ్చి, తన ఆటోలోంచి తీసేసిన చెడిపోయిన మీటరు డబ్బా ఇచ్చిపోయాడు. దాని జెండా పైకీ కిందికీ తిరుగుతుంది, లోపల అంకెలు మాత్రం కదలవు.

"హ్యాండిలు కూడా కావల్ల," అన్నాడు కరీం సాబ్.

"అది వద్దు సాబూ, నా మాటిను. గుర్రానికి హ్యాండిలు ఏంది?"

"పగ్గాలు దానికి కట్టు. నేను హ్యాండిలు తిప్పితే పగ్గం లాగుతాది, పగ్గం లాగితే బుల్బుల్ తిరుగుతాది. అంతే గదా."

మారెప్ప ఒక పాత స్కూటరు హ్యాండిలు తెచ్చి కట్టాడు. బుల్బుల్ మెడలోని గంట కూడా తీసేయమన్నాడు కరీం సాబ్. ఆటోకు గంటలుండవు.

బండి ఇల్లు చేరేసరికి భార్య సుగ్రాబీ బియ్యం చెరుగుతూ గడప మీద ఉంది. చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. పెళ్ళయిన దగ్గర్నుంచి మొగుడి పిచ్చిపనులు చూస్తూనే ఉంది గానీ ఇంత రంగున్న పిచ్చి చూడలేదు. ముందు నుంచి చూసింది, వెనక నుంచి చూసింది, అద్దంలో తన మొహం చూసుకుని కొంగు సర్దుకుంది.

"ఏం జీ, దీంట్లో పెట్రోలు పోస్తారా, ఉలవలు పోస్తారా?"

"నవ్వు, నవ్వు. రేపు స్టేషను కాడ సూడు."

"గుర్రానికి గూడా ఒక బురఖా ఏసుంటే బాగుండు. ఎవురికీ కనపడకపోయేది."

నవ్వుతూనే అంది. లోపలికి పోయి, విప్పిన పరదాను ఉతికి ఆరేసింది. ఆ మనిషి ఇదంతా ఎందుకు చేస్తున్నాడో ఆమెకు తెలియనిది కాదు. శుక్రవారం ఆమెకు కూడా దగ్గర పడుతూనే ఉంది. బుల్బుల్‌ను పిల్లగా ఉన్నప్పుడు సీసాతో పాలు పట్టి పెంచింది ఆమే.

*

బుధవారం స్టేషను ముందు జరిగిన తమాషా ఆదోనిలో చాలా రోజులు చెప్పుకున్నారు. రైలు దిగినవాళ్ళు నిజం ఆటోలను వదిలేసి దీని చుట్టూ మూగారు. "స్టార్టు చెయ్యి సాబూ," అని ఒకడు, "గేరు ఎన్ని?" అని ఇంకొకడు. కరీం సాబ్ మీటరు జెండా దించి, ఎక్కమన్నాడు. ముగ్గురు యువకులు నవ్వుతూ ఎక్కి ఎర్ర సీటు మీద ఎగిరి కూర్చున్నారు. బండి నిండడం చూసి చాలా కాలమైన కరీం సాబ్‌కు ఒళ్ళు పులకరించింది. ఆ ఉత్సాహంలో హారను గట్టిగా నొక్కాడు.

బుల్బుల్ రోడ్డు వదిలి ఎడమ పక్కకు జరిగి బుద్ధిగా ఆగిపోయింది.

ఆయన పగ్గం అదిలించాడు. కదిలింది. నాలుగు బారలు పోయాక ఎదురుగా సైకిలు అడ్డం వస్తే మళ్ళీ నొక్కాడు. మళ్ళీ పక్కకు జరిగి ఆగింది. ఇన్నేళ్ళుగా వెనక లారీ హారను వినపడినప్పుడల్లా పక్కకు తప్పుకుని దారి ఇవ్వమని దానికి నేర్పింది ఆయనే. ఇప్పుడు తన వెనకే ఎవరో తొందరపడుతున్నారు, పాపం పోనీ అని అది నిలబడింది. ఎవరూ పోకపోయేసరికి మెడ తిప్పి ఆయన వైపు చూసింది. గోవిందు ఆటో ఆపుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాడు.

"నీ ఆటోకు నీ ఆటోనే సైడిస్తాంది గదా సాబూ."

కరీం సాబ్‌కు కూడా నవ్వొచ్చింది. హారను ఇంక నొక్కలేదు. మార్కెట్టు మలుపులో హ్యాండిలు తిప్పితే పగ్గం సగమే లాగింది, బండి నేరుగా టమాటాల గంప మీదికి పోబోయింది. దాన్నీ వదిలేసి పగ్గాలు చేతుల్లోకి తీసుకున్నాడు. అయినా సాయంత్రం దాకా బండి ఖాళీగా లేదు. ఒకరు దిగితే ఒకరు ఎక్కారు. కొంతమంది ఊరికే ఒక చుట్టు తిరిగి దిగడానికే ఎక్కారు.

మధ్యాహ్నం దాటాక బుల్బుల్ దగ్గడం మొదలుపెట్టింది. జట్కా అంటే తక్కెడలాంటిది. రెండే చక్రాలు. లోపల మనుషులు ముందుకు కూర్చుంటే బరువు గుర్రం వీపు మీద పడుతుంది, వెనక్కి కూర్చుంటే గుర్రానికి రెండు పక్కలా ఉండే నొగలు పైకి లేచి, కడుపు కింద కట్టిన పట్టీ బిగుసుకుంటుంది. అందుకే జట్కా నడిపేవాడు దారి పొడుగునా "రవ్వంత ముందుకు జరుగప్పా, అమ్మా నువ్వు ఎనక్కి" అంటూ మనుషుల్ని సర్దుతూ ఉంటాడు. గడ్డి మీద కూర్చున్నవాళ్ళు జరుగుతారు. మేకులు కొట్టిన సీటు ఎక్కడికి జరుగుతుంది? బరువంతా వెనకనే. కరీం సాబ్ తన కాళ్ళ దగ్గర ఒక ఇసుక మూట పెట్టుకున్నాడు. దాంతో తూకం కొంత సరిపోయింది గానీ, ఆ ఇసుక కూడా లాగేది బుల్బులే గదా.

ఇంటికొచ్చి పట్టీ విప్పితే కడుపు కింద ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. సుగ్రాబీ నూనె వెచ్చబెట్టి, పసుపు కలిపి తెచ్చింది. ఆయన గుర్రం కింద మోకాళ్ళ మీద కూర్చుని రాస్తుంటే గిన్నె పట్టుకుని పక్కన నిలబడింది. బుల్బుల్ కాలు ఎత్తింది గానీ తన్నలేదు. గడ్డి కట్టలు నిండుగా తెచ్చిన ఆ రోజే ఆయనకు ముద్ద దిగలేదు.

*

గురువారం సాయంత్రాలు కరీం సాబ్ బండి షరీఫా బీ ఇంటిది. జామియా మసీదు వెనక సందులో ఇల్లు. ప్రతి గురువారం అసర్ నమాజయ్యాక ఆమె, ఇద్దరు కోడళ్ళు కొండకింది దర్గాకు పోతారు. బండి సందు మలుపు తిరిగేసరికే ముగ్గురూ బురఖాలు వేసుకుని గడప దగ్గర సిద్ధంగా ఉంటారు. ఆ రోజు ఎవరూ లేరు. కాసేపు చూసి, బుల్బుల్ పక్కకు జరిగితే జరగనీ అని హారను నొక్కాడు. తలుపు కొంచెం తెరుచుకుంది.

"ఎవరప్పా? మేం ఆటో పిలవలేదు," అంది లోపలి నుంచి షరీఫా బీ గొంతు. "మాకు కరీం జట్కా వస్తాది."

"నేనే అమ్మాజీ."

ఆమే బయటికొచ్చింది. పెద్ద వయసు, మోకాళ్ళ నొప్పులు. బండి చుట్టూ నిదానంగా నడిచి, సీటు మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూసింది.

"మెత్తగుంది. దీని మీద ఎట్ల కూసోవల్ల?"

"ముందుకు సూస్తా కూసోవల్ల అమ్మాజీ. ముగ్గురూ వరసగా, ఆటోలో మాదిరి."

"అట్లయితే నా కోడండ్ల మొహం నాకు కనపడదు. నా మొహం వాళ్ళకు కనపడదు." ఆమె గొంతులో కోపం లేదు. తెలియనివాడికి చెప్పినట్టు చెప్పింది. "ఇంట్లో తీరిక యాడిది కరీం? ఒకరు పొయ్యి కాడ, ఒకరు బాయి కాడ. మొగోళ్ళు వస్తాంటారు, పోతాంటారు. మేం ముగ్గురం మోకాళ్ళు మోకాళ్ళు తగిలేటట్ల కూసోని మనసిప్పి మాట్లాడుకునేది నీ బండ్లోనే. దర్గా యాడికీ పోదప్పా. అది కొండ కిందనే ఉంటాది."

కరీం సాబ్ ఇన్నేళ్ళు వాళ్ళను దర్గాకు తీసుకుపోతున్నానని అనుకున్నాడు. వాళ్ళు పోతున్నది బండిలోకి అని ఆయనకు తట్టనే లేదు.

"ఈ వారానికి ఇంట్లోనే ఫాతెహా చదువుకుంటాంలే," అంది షరీఫా బీ. "మా బండి ఎప్పుడొస్తాదో అప్పుడు పోతాం."

తలుపు మెల్లగా మూసింది. ధడాలున వేసి ఉంటే ఆయనకు ఇంత బాధ ఉండేది కాదు. సోమవారం ఒక పిల్ల ఆటో కావాలంటే పోనీలే అనుకున్నాడు గానీ, తన బండినే తన మనుషులు గుర్తుపట్టకపోవడం ఎట్లా తట్టుకోవడం? సందులోంచి బండి వెనక్కి తిప్పి నేరుగా మారెప్ప షెడ్డుకు పోయాడు.

"సీటు పీకెయ్యి."

"మొన్న గదా సాబూ మేకులు కొట్టింది."

"పీకు మారెప్పా. హ్యాండిలు గూడా. టాపు రంగు ఉండనీ, దాంతో ఏం నష్టంల్యా."

మారెప్ప మేకులు పీకే పట్టకారు తీసుకుని, తాను ఇష్టంగా కుట్టిన సీటును తానే ఊడదీశాడు. కరీం సాబ్ దారిలో గడ్డి కట్ట విప్పి బండిలో పరిచాడు. ఇంటి ముందు ఆపితే, సుగ్రాబీ మడిచిపెట్టిన పరదాను, గంటను తెచ్చి చేతికిచ్చింది. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినపడక ముందే బుల్బుల్ మెడలో గంట షరీఫా బీ సందులో మోగింది. ముగ్గురు ఆడవాళ్ళూ బురఖాలు సర్దుకుంటూ బయటికొచ్చారు. పసుప్పచ్చ టాపు చూసి చిన్న కోడలు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రం ఆయన బండిని ఎప్పటికన్నా నిదానంగా నడిపాడు. పరదా వెనక నవ్వులు వినపడుతున్నంతసేపూ హాయిగానే ఉంది. కానీ ఒక్క ఇంటివాళ్ళు వారానికోసారి ఎక్కితే గుర్రం కడుపు నిండుతుందా? రేపు శుక్రవారం అన్నమాట గుర్తొచ్చి, బుల్బుల్‌ను ఇంకా నిదానంగా నడవనిచ్చాడు.

*

నమాజయ్యాక ఎమ్మిగనూరు బస్సుకు ఎదురుపోయాడు కరీం సాబ్. సుగ్రాబీ కూడా బండిలో వచ్చింది. ఆమె తమ్ముడు అమానుల్లాతో పాటు అతని భార్య అక్బర్‌బీ కూడా వస్తోందని కబురొచ్చింది మరి. అమానుల్లా తెల్లటి లాల్చీలో దిగాడు. భుజం మీద కొత్త పగ్గం చుట్టుకుని ఉన్నాడు, రాత్రికే బుల్బుల్‌ను ఎమ్మిగనూరు దారి పట్టించాలని. వెనకే బురఖాలో అక్బర్‌బీ.

అమానుల్లాకు దర్జా ఎక్కువ. తోలుకుపోవడానికి వచ్చిన గుర్రం చేతే బండి లాగించుకోవడం ఆయనకు బాగా అనిపించలేదు. గోవిందు ఆటోను పిలిచాడు.

"నేను దాంట్లో ఎక్కను," అంది అక్బర్‌బీ. "ఊరంతా సూస్తాంటే అంగట్లో బొమ్మ మాదిరి కూసోవల్లనా? ఆపా బండి ఉండాది గదా." పోయి సుగ్రాబీ పక్కన ఎక్కి, పరదా లాక్కుంది.

గోవిందు నవ్వి, ఆటో ఇంజను ఆపేసి కరీం సాబ్ దగ్గరికొచ్చాడు.

"సూస్తివా సాబూ? రోజూ ఇట్లనే. ఆడోళ్ళు వస్తారు, లోపలికి సూస్తారు, ఎనక్కి పోతారు. నేనేం జెయ్యల్ల? స్టేషను కాడ వరసలో నిలబడేది మాను. మా ఆటోల పక్కన నిలబడు. అట్లాంటోళ్ళను నీ కాడికి నేను పంపిస్తా. నా ఆటో వేషం నువ్వు ఏస్తే నడవకపాయె, నీ పని నేను జేస్తే మాత్రం నడుస్తాదా?"

కరీం సాబ్ వాడి భుజం తట్టాడు. మంచిమాట చెప్పాడు, కాకపోతే ఒక రోజు ఆలస్యంగా చెప్పాడు అనుకున్నాడు. మాటిచ్చిన బావమరిది పగ్గం భుజాన వేసుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. గుర్రం అక్కడ నవాబులా బతుకుతుందన్నప్పుడు తన సుఖం కోసం ఆపడం న్యాయమా అనే ప్రశ్న కూడా ఉంది. అమానుల్లా చేసేదేమీ లేక ముందుకొచ్చి, కరీం సాబ్ పక్కన బండి తోలేవాడు కూర్చునే పలక అంచు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. బుల్బుల్ కదిలింది.

"రవ్వంత ఎనక్కి జరుగు సుగ్రా," అన్నాడు కరీం సాబ్. వెనక గడ్డి చప్పుడైంది. నొగలు సరైన ఎత్తుకు వచ్చాయి.

కొంతదూరం వెనక అత్తల కబుర్లూ చీరెల కబుర్లూ నడిచాయి. ఉన్నట్టుండి అక్బర్‌బీ గొంతు తగ్గింది. తగ్గించానని ఆమె అనుకుంది గానీ, జట్కాలో గొంతు ఎంత తగ్గిస్తే ఎక్కడికి పోతుంది? పరదా గుడ్డే గదా, గోడ కాదు.

"ఆపా, గుర్రాన్ని పంపొద్దు. మా ముందటి గుర్రం ఏమైందో మీకు సెప్పినాడా ఈయన?"

"అమ్మినానన్నాడే."

"అమ్మలేదు. పెండ్లిలో కాళ్ళ కాడ టపాకాయల సరం అంటించినారు. అది బెదిరి మిద్దె మెట్ల మీద పడింది. కాలు ఇరిగింది. రెండు దినాలు లెయ్యలేక మా వాకిట్లోనే పండుకోనుండె. నేను నీళ్ళు పోస్తే తాగేది, నా మొహమే సూసేది. ఈయన గూడా ఏడ్సినాడు, ల్యాదనను. కానీ ఏడ్సి, మల్ల ఇంకోటి కావల్లంటాడు. లగ్గాల్లో టపాకాయలు మానుతారా ఆపా?"

సుగ్రాబీ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

అమానుల్లా మొహం జేవురించింది. గిరుక్కున వెనక్కి తిరిగి పరదా మీద చెయ్యి వేయబోయాడు. కరీం సాబ్ పగ్గాలు ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చెయ్యి అతని మోకాలి మీద పెట్టాడు.

"ముందుకు సూడు అమానుల్లా."

"అది కాదు దుల్హాభాయ్, అది ఏం మాట్లాడతాందో..."

"ఎవురు ఏం మాట్లాడతాండారు? మా నాయన నాకు పగ్గాలు చేతికిచ్చిన నాడు ఒకటే మాట సెప్పినాడు. ఈ పలక మీద కూసున్నోనికి ఎనక మాట ఇనపడదు. ఇనపడినోడు జట్కా నడపొద్దన్నాడు. ఇయ్యాల ఈ పలక మీద నువ్వు గూడా కూసున్నావు."

అమానుల్లా మెల్లగా ముందుకు తిరిగాడు. కాసేపు బుల్బుల్ చెవుల మధ్య నుంచి రోడ్డు చూస్తూ ఉన్నాడు. భుజం మీది కొత్త పగ్గం జారితే ఎత్తి వేసుకోలేదు, ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత చిన్న గొంతుతో అడిగాడు.

"నీకేమన్నా ఇనపడిందా దుల్హాభాయ్?"

"ఏంది?"

"ఏంల్యా."

ఇల్లొచ్చింది. ఆడవాళ్ళు దిగి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లోపలికి పోయారు. పోతూ పోతూ అక్బర్‌బీ భయం భయంగా ఒకసారి మొగుడి వైపు చూసింది. పరదా చాటున అన్న మాట బయటపడితే తన గతేమిటో ఆమెకు తెలుసు. కరీం సాబ్ ఆ చూపు చూడనట్టే వంగి బుల్బుల్ పట్టీ విప్పాడు. నొగలు దించాడు. కడుపు కింద ఎర్రగా ఉన్నచోట చేత్తో తడిమాడు, కొంచెం నయమైంది. గడ్డి కట్ట విప్పి ముందు వేశాడు. అమానుల్లా పగ్గం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"గుర్రం ఇయ్యను అమానుల్లా," అన్నాడు కరీం సాబ్. "మాట తప్పినోణ్ణని అనుకో. అనుకున్నా పరవాల్యా."

అమానుల్లా గడప వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు.

"ఎందుకు? ఎవురన్నా ఏమన్నా సెప్పినారా నీకు?"

"ఎవురూ ఏమీ సెప్పలేదప్పా," అన్నాడు కరీం సాబ్. "పద, బువ్వ తిందాం. సుగ్రా నీ కోసమని పొద్దుటంతా పొయ్యి కాడే ఉండె."